బనావె: కొండ మళ్ళ ఫొటో వెనక ఉన్న ఊరు గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

గట్టుమీదనడక:
అందరికీ నమస్కారం. ఫిలిప్పీన్స్‌లో బనావె అనే చిన్న మున్సిపాలిటీ గురించి ఒక పరిచయ వ్యాసం రాద్దామని కూర్చున్నాను. లూజాన్ దీవి ఉత్తర భాగంలో, కార్డిలేరా కొండల్లో, ఇఫుగావ్ ప్రావిన్స్‌లో ఉంటుంది. మనీలా నుంచి సుమారు 350 కిలోమీటర్లు. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతారు. కొండని మెట్లు మెట్లుగా చెక్కి వరి పండించే ఆ ఫొటోలు మీరంతా చూసే ఉంటారు.

నా ఇబ్బంది ఏమిటంటే, ఏది తెరిచినా అదే వ్యూపాయింట్ ఫొటో, "రెండు వేల ఏళ్ళ నాటి ఎనిమిదో వింత" అనే అదే మాట. అక్కడితో ఆపేస్తున్నారు. 20 వేల పైచిలుకు జనం ఉన్న ఊరు అది. వాళ్ళు ఏం తిని బతుకుతున్నారు, ఊరిని ఎవరు నడుపుతున్నారు, గట్టు తెగితే ఎవరు కడుతున్నారు, పిల్లలు చదువుకుని ఎటు పోతున్నారు? ఇవి లేకుండా రాస్తే అది ఊరి పరిచయం ఎలా అవుతుంది? అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళు, చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. తొందరేం లేదు, తీరిగ్గానే రాయండి.

పంచాయతీపాఠం:
ముందు ఒక మాట. మున్సిపాలిటీ అనగానే పట్టణం అనుకుంటే పప్పులో కాలేసినట్టే. అక్కడ ప్రావిన్స్ కింద ఉండే పాలనా విభాగం పేరు మున్సిపాలిటీ. మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే మండలానికి దగ్గరగా ఉంటుంది, కాకపోతే దానికి ఎన్నికైన మేయర్ ఉంటాడు. ఇఫుగావ్ ప్రావిన్స్‌లో ఇలాంటివి 11. ప్రావిన్స్ రాజధాని లగావె. బనావెకి పేరు ఎక్కువ కాబట్టి అదే రాజధాని అని చాలామంది పొరబడతారు.

బనావె కింద 18 బరంగాయ్‌లు ఉన్నాయి. బరంగాయ్ అంటే అట్టడుగు పాలనా విభాగం, పల్లె అనుకోండి. బజారు, బస్సులు ఆగే చోటు, మున్సిపల్ ఆఫీసు ఉన్న నడిబొడ్డుని పొబ్లాసియోన్ అంటారు, స్పానిష్ కాలం మాట. బటాడ్, బంగాన్, కంబులో, పులా లాంటివి కొండ లోపలి బరంగాయ్‌లు.

1991 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం ప్రకారం మేయర్, వైస్ మేయర్, ఎనిమిది మంది కౌన్సిల్ సభ్యులని జనం నేరుగా ఎన్నుకుంటారు. పదవీకాలం మూడేళ్ళు. ఒకే మనిషి వరసగా మూడుసార్లకి మించి ఉండకూడదు. కౌన్సిల్ సమావేశం నడిపేది మేయర్ కాదు, వైస్ మేయర్. బరంగాయ్‌కి ఒక పెద్ద, ఏడుగురు సభ్యులు. వీళ్ళు కాక 1997లో వచ్చిన ఆదివాసీ హక్కుల చట్టం వల్ల ఆదివాసీ సమాజం తరఫున కౌన్సిల్లో ఒక ప్రతినిధి కూర్చుంటారు. బనావె జనాభాలో అత్యధికులు ఇఫుగావ్ ఆదివాసులే. అయినా ఎన్నికల్లో గెలిచిన మేయర్ వేరు, తెగ ఆచారం తెలిసిన పెద్ద వేరు. అందుకే ఆ కుర్చీ ఉండటం అవసరమని నా అభిప్రాయం.

దావావ్‌మెడికో:
నేను ఇక్కడ ఫిలిప్పీన్స్‌లోనే దావావ్ నగరంలో మెడిసిన్ చదువుతున్నాను. జనవరిలో ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి బనావె వెళ్ళాను, బటాడ్‌లో మూడు రాత్రులు ఉన్నాను. నాకు చరిత్ర తెలియదు, చూసింది చెప్తాను.

బనావె బజారు నుంచి బటాడ్ సుమారు 16 కిలోమీటర్లు. జీప్‌నీ, అంటే ఇక్కడి షేర్ జీపు, కొంత దూరం తీసుకెళ్తుంది, తర్వాత నడకే. మేము వెళ్ళినప్పుడు సన్నగా వాన, చలి. గిన్నెని నిలువునా సగానికి కోసి పెట్టినట్టు ఉంటుంది ఆ లోయ. గిన్నె గోడల నిండా మళ్ళు, అడుగున నాలుగు ఇళ్ళు. నాట్ల కాలం కాబట్టి ప్రతి మడిలో నీళ్ళు నిండుగా ఉన్నాయి, ఆకాశం ముక్కలు ముక్కలుగా అందులో కనిపించేది.

రెండో రోజు పొద్దున్నే లేచేసరికి మేము ఉన్న ఇంటి పక్కన గోల. రాత్రి వానకి ఒక గోడ కూలింది. ఎత్తు రెండు నిలువులు ఉంటుంది, వెడల్పు ఒక గది అంత. రాళ్ళు, మట్టి, నాటిన నారు అంతా కింది మడిలో పడి ఉన్నాయి. పది గంటలకల్లా తొమ్మిది మంది చేరారు. కింది మడిలో మోకాళ్ళ లోతు బురదలో వరసగా నిలబడి రాయి చేతికి చేయి అందించుకుంటున్నారు. పైన ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, ఒక్కో రాయి తీసుకుని, తిప్పి చూసి, పెట్టి, నచ్చకపోతే తీసి మళ్ళీ తిప్పి పెడుతున్నాడు. రాయి కుదిరాక అరచేత్తో రెండు దెబ్బలు. వెనక సందుల్లో చిన్న రాళ్ళు దూర్చేది ఒక ఆడమనిషి. సిమెంట్ లేదు, తాపీ లేదు. మధ్యాహ్నానికి మూడు వరసలు లేచాయి.

మా ఇంటావిడ వాళ్ళకి అన్నం వండి తీసుకెళ్ళింది. కూలి ఎంత ఇస్తారని అడిగాను. కూలి కాదంది. రేపు వాళ్ళ గోడ పడితే మేము వెళ్తాం అంది. దానికో పేరుంది, "ఉబ్బు".

కౌలురైతు:
ఉబ్బు అంటే మన బదులు పని. నాకు ఇప్పుడు అర్థమైంది. చెల్లీ, చాలా బాగా చెప్పావు. రెండు ప్రశ్నలు. ఒకటి, ఏడాదికి ఎన్ని పంటలు? రెండు, ఆ వచ్చిన గింజ ఆ ఇంటికి సరిపోతుందా?

దావావ్‌మెడికో:
అన్నా, పాత రకం వరి ఏడాదికి ఒక్కటే పంట. దాన్ని "టినావోన్" అంటారు. ఏడాదికి ఒకసారి వచ్చేది అని ఆ పేరుకి అర్థమట. జనవరి ఫిబ్రవరిల్లో నాటితే జూన్ జులైల్లో కోత. కొడవలి పెట్టి మొదలంటా కోయరు, చిన్న కత్తితో వెన్ను వెన్నుగా కోసి కట్టలు కడతారు. సరిపోదనే చెప్పింది ఇంటావిడ. మిగతా నెలలకి కింద మైదానంలో పండిన బియ్యం బజారులో కొంటారు. తమ బియ్యం పండగలకి, చావులకి, చుట్టాలొస్తే వండటానికి దాచుకుంటారు. మాకు ఒక పూట పెట్టింది. ఎర్రగా, కాస్త జిగురుగా, కమ్మని వాసనతో ఉంది.

కౌలురైతు:
సరిపోని పంట కోసం అంత పని. మాటల్లో చెప్పలేను.

నీటిలెక్క:
నేను నీటిపారుదల పనుల్లో ముప్పై ఏళ్ళు గడిపినవాణ్ణి. బనావె వెళ్ళలేదు గానీ దాని గురించి దొరికినవన్నీ చదివాను. పైన అమ్మాయి చూసిన గోడ ఎందుకు కూలిందో, ఎందుకు వెంటనే కట్టారో చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఊరి అసలు కథ అక్కడే ఉంది.

కొండకి నెత్తిన అడవి ఉంటుంది. ఇఫుగావ్ భాషలో దాన్ని ముయోంగ్ అంటారు. అది ప్రభుత్వ అడవి కాదు, ఫలానా కుటుంబానిది. తాత నుంచి వస్తుంది. చెట్టు కొడితే మళ్ళీ నాటాలి. ఆ చెట్ల వేళ్ళు వాన నీటిని పట్టి ఉంచి ఊటగా వదులుతాయి. ఆ ఊట నీళ్ళు కాలువల్లో, వెదురు గొట్టాల్లో పై మడికి వస్తాయి. పై మడి నిండితే మిగులు కింది మడికి, అక్కడి నుంచి ఇంకా కిందికి, చివరికి వాగులోకి. పంపులు లేవు, కొండవాలే నీళ్ళు నడిపిస్తుంది.

ఇప్పుడు గోడ సంగతి. ఆ మళ్ళల్లో కోత అయ్యాక కూడా నీళ్ళు తీసేయరు. ఎందుకంటే అడుగున పరిచిన బంకమట్టి తడిగా ఉన్నంతసేపే గట్టిగా ఉంటుంది. ఎండితే నెర్రెలు విచ్చుకుంటుంది. తర్వాత వాన పడగానే ఆ నెర్రెల్లోంచి నీళ్ళు గోడ వెనక్కి చేరి రాళ్ళని ముందుకి తోసేస్తాయి. దీన్ని ఆపాలంటే మడి ఎప్పుడూ తడిగా ఉండాలి, గోడలో గడ్డి పీకాలి, రాయి కదిలితే ఆ రోజే సర్దాలి. ఒక్క ఏడాది వదిలేసినా నష్టం ఆ యజమానికే కాదు. పై మడి ఎండితే కింది మడికి నీళ్ళు రావు, పై గోడ జారితే కింది మడి పూడిపోతుంది. అందుకే తొమ్మిది మంది వచ్చారు. వాళ్ళు పక్కవాడికి సాయం చేశారనడం సగం నిజమే. తమ మళ్ళని కూడా కాపాడుకున్నారు.

నీటి మీద హక్కులకి రాసిపెట్టుకోని చట్టం ఉండేది. 1919లోనే బార్టన్ అనే అమెరికన్ ఇఫుగావ్ వాళ్ళ మధ్య ఉండి వాళ్ళ ఆచార న్యాయం నమోదు చేశాడు. ముందు కట్టిన మడికి నీటి మీద ముందు హక్కు. పైన కొత్తగా మడి చెక్కుకోవచ్చు, కానీ కింద ఎప్పటి నుంచో పారుతున్న నీళ్ళని ఆపడానికి వీల్లేదు. రాజు లేడు, అధికారి లేడు, అయినా ఈ నియమం నడిచింది. నేను చేసిన ఉద్యోగంలో ఎగువ దిగువ తగాదాలు తీర్చలేక ఎన్ని రాత్రులు నిద్రపోలేదో నాకు తెలుసు. అందుకే ఈ విషయం చదివినప్పుడు చాలాసేపు ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను.

గట్టుమీదనడక:
సార్, "పై మడి ఎండితే కింది మడికి నీళ్ళు రావు" అన్న మాట నా వ్యాసానికి మొదటి వాక్యం అయ్యేలా ఉంది. మీ అనుమతితో వాడుకుంటాను.

ఒక సందేహం. "రెండు వేల ఏళ్ళు" అన్నది నిజమేనా? యునెస్కో వాళ్ళు కూడా అదే అంటున్నారు.

పాతపెంకులు:
ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని ఎదురుచూస్తున్నాను.

రెండు మూడు వేల ఏళ్ళు అన్న అంచనా ఎక్కువగా హెన్రీ ఓట్లీ బేయర్ నుంచి వచ్చింది. అమెరికన్ మానవశాస్త్రవేత్త, ఇఫుగావ్ స్త్రీని పెళ్ళాడి, ఈ కొండలతో జీవితాంతం అనుబంధం పెట్టుకున్నాడు. 1966లో చనిపోతే బనావెలోనే సమాధి చేశారు. ఇంత పెద్ద కొండ చెక్కాలంటే ఎన్ని తరాలు పట్టి ఉంటుందో లెక్కేసి చెప్పాడే తప్ప తవ్వి చూసి చెప్పింది కాదు.

తవ్వి చూసినవాడు స్టీఫెన్ అకబాడో అనే ఫిలిపినో పురావస్తు పరిశోధకుడు. 2009 నుంచి వచ్చిన ఆయన రేడియోకార్బన్ (తవ్వకాల్లో దొరికిన వాటి వయసు లెక్కగట్టే పరీక్ష) ఫలితాలు, బనావెలోని బోకోస్ మళ్ళవి, తర్వాత అదే ప్రావిన్స్‌లోని కియాంగాన్ పాత ఊరివి, వేరే కథ చెప్తున్నాయి. అంతకుముందు అక్కడ చేమదుంప పండించేవారు. నీటి వరి పెద్ద ఎత్తున విస్తరించింది సుమారు 400 ఏళ్ళ క్రితం నుంచే. అంటే స్పానిష్ వాళ్ళు మైదానాల్లోకి వచ్చాక. వాళ్ళకి లొంగకుండా జనం కొండల్లోకి జరిగి, కొత్తగా వరిని పట్టుకుని, దాని చుట్టూ ఊళ్ళని, పెద్దరికాన్ని, కర్మకాండని కట్టుకున్నారని ఆయన వాదన. అందరూ ఒప్పుకోలేదు, చర్చ ఇంకా నడుస్తోంది. వ్యాసంలో రెండూ రాయండి.

ఇంకో పొరపాటు కూడా దిద్దుకోండి. 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది ఐదు చోట్లని. బనావె మున్సిపాలిటీలో బటాడ్, బంగాన్, మిగతావి మయోయావ్, హుంగ్‌డువాన్, కియాంగాన్‌లోని నగకడాన్. అందరూ ఫొటో తీసుకునే బనావె వ్యూపాయింట్ మళ్ళు ఆ ఐదింటిలో లేవు. కొత్త ఇళ్ళు, బజారు మళ్ళని ఆనుకుని వచ్చేయడం ఒక కారణం. అయితే 1973లోనే ఫిలిప్పీన్స్ ప్రభుత్వం ఇఫుగావ్ మళ్ళని జాతీయ సాంస్కృతిక సంపదగా ప్రకటించింది. పాత వెయ్యి పెసోల నోటు వెనక, 2010లో వచ్చిన ఇరవై పెసోల నోటు వెనక ఉన్నది బనావె మళ్ళే.

కౌలురైతు:
రెండు వేలు కాక నాలుగు వందలైతే గొప్పతనం తగ్గిందని కొందరు బాధపడతారేమో. నాకు పెరిగింది. పరాయివాడి కింద ఉండలేక కొండెక్కి, తిండి కోసం రాళ్ళు పేర్చుకున్నారంటే వాళ్ళకి నా దండం.

మౌనవాణి:
నేను పాటల గురించి చెప్తాను, ఎవరూ ఎత్తలేదు కాబట్టి. ఇఫుగావ్ వాళ్ళ కథాగానాన్ని "హుద్‌హుద్" అంటారు. మనకి ఆ పేరు వినగానే 2014 విశాఖ తుపాను గుర్తొస్తుంది, దానికీ దీనికీ సంబంధం లేదు. 200కి పైగా పాటలున్నాయి, ఒక్కోటి 40 భాగాలు. మొత్తం పాడితే రోజులు పడుతుంది. విత్తేటప్పుడు, కోతలప్పుడు, శవజాగారంలో పాడతారు. ముందు పాడేది ఎక్కువగా ముసలి ఆడవాళ్ళు, మిగతావాళ్ళు వంత పాడతారు. యునెస్కో 2001లో దీన్ని గుర్తించి, 2008లో అమూర్త వారసత్వ ప్రాతినిధ్య జాబితాలో పెట్టింది.

కష్టం ఏమిటంటే ఆ పాట పొలం పనితో పెనవేసుకుని ఉంది. చేతులు వెన్నులు కోస్తుంటే నోరు పాడుతుంది. కోత కోసేవాళ్ళు తగ్గితే పాట ఎక్కడ పాడాలి? వేదిక మీద పిల్లల చేత పాడించొచ్చు, పాడిస్తున్నారు కూడా, అది మంచిదే. కానీ వేదిక మీద పదిహేను నిమిషాలే ఉంటుంది.

అలాగే ముంబాకి అని పూజారి ఉంటాడు. నాటడం, పురుగు పట్టడం, కోయడం, గాదెలో పెట్టడం, అన్నిటికీ పూర్వీకుల పేర్లు వల్లిస్తూ క్రతువు చేసేవాడు. ఆ పేర్లన్నీ నోటికి రావాలి. ఇప్పుడు ఊళ్ళో చాలామంది క్రైస్తవులు, ముంబాకి కావాలని నేర్చుకునే కుర్రవాళ్ళు అరుదు. గాదె కాపలాకి చెక్కిన బులుల్ బొమ్మలు జంటగా ఉంటాయి. పాతవి చాలావరకు విదేశీ మ్యూజియంలకి, సేకరణదారుల ఇళ్ళకి చేరిపోయాయి.

దావావ్‌మెడికో:
అవును అక్కా. మా ఇంటావిడ ఇంట్లో గోడ బల్ల మీద ఒక బులుల్ ఉంది, చిన్నది, నల్లగా పొగచూరి. అమ్ముతావా అని టూరిస్టులు అడుగుతుంటారట. పక్కనే అమ్మకానికి చెక్కిన కొత్తవి నాలుగున్నాయి, అవి చూపిస్తుందట. పాతది మాత్రం గోడ వైపు తిప్పి పెట్టింది.

ఇంకోటి చెప్పడం మర్చిపోయాను. అక్కడ అందరూ వక్క, తమలపాకు, సున్నం నములుతారు, "మోమా" అంటారు. ఆ పెద్దాయన రాయి పేర్చుతూ ఆగి, నడుముకున్న సంచి తీసి నాకూ ఒక ఆకు ఇచ్చాడు. భాష రాకపోయినా ఆకు చుట్టడం నాకు వచ్చని చూసి చాలా సంతోషపడ్డాడు.

గట్టుమీదనడక:
ఇది రాసుకున్నాను, తప్పకుండా వాడతాను. పంచాయతీపాఠం గారూ, డబ్బు సంగతి చెప్పండి. మున్సిపాలిటీకి ఆదాయం ఎక్కడి నుంచి వస్తుంది? గోడలు కట్టడానికి ఇస్తారా?

పంచాయతీపాఠం:
ఇలాంటి గ్రామీణ మున్సిపాలిటీలకి సొంత ఆదాయం తక్కువ. ఆస్తి పన్ను, బజారు ఫీజులు, వ్యాపార లైసెన్సులు, అంతే. బండి నడిచేది జాతీయ ప్రభుత్వం ఇచ్చే వాటాతో. దేశ పన్నుల్లో 40 శాతం స్థానిక ప్రభుత్వాలకి వెళ్తుంది. అందులో ప్రావిన్సులకి 23 శాతం, నగరాలకి 23, మున్సిపాలిటీలకి 34, బరంగాయ్‌లకి 20. 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు 2022 నుంచి అమల్లోకి వచ్చాక లెక్కలోకి వచ్చే పన్నులు పెరిగాయి కాబట్టి వాటా కూడా పెరిగింది.

ఆ 34 శాతాన్ని మున్సిపాలిటీలకి ఎలా పంచుతారో చూడండి. సగం జనాభా బట్టి, పావు వంతు విస్తీర్ణం బట్టి, మిగతా పావు అందరికీ సమానంగా. జనం వెళ్ళిపోయే కొండ ఊరికి దీని అర్థం ఏమిటి? జనాభాలో దాని వంతు తగ్గే కొద్దీ డబ్బులోనూ తగ్గుతుంది. ఎన్ని గోడలు నిలబెట్టాలి, ఎంత కొండవాలు కాపాడాలి అన్నది సూత్రంలో ఎక్కడా లేదు. దేశం మొత్తానికి నోటు మీద బొమ్మ అయిన ఊరికి ఆ బొమ్మని నిలబెట్టడానికంటూ ఆ వాటాలో విడిగా ఏమీ రాదు. గోడల మరమ్మత్తుకి వేరే పథకాల్లో అప్పుడప్పుడు నిధులు వస్తాయి. అవి వచ్చేదాకా గోడ ఆగదు కదా.

నీటిలెక్క:
ఇది నాకు తెలియదు. చాలా విలువైన సంగతి చెప్పారు.

కౌలురైతు:
మరి కుర్రవాళ్ళు ఎందుకు వెళ్ళిపోతున్నారు? ఆస్తి పంపకాల వల్లా?

పాతపెంకులు:
పంపకం ఆనవాయితీకి పాత్ర ఉంది. ఇఫుగావ్ ఆచారంలో మంచి మళ్ళు పెద్ద బిడ్డకి వెళ్తాయి. ఆడపిల్లైనా మగపిల్లాడైనా సరే. మడిని ముక్కలు చేయకూడదన్నది అసలు ఉద్దేశం. గోడ ఒకటే, నీళ్ళు ఒకటే అయినప్పుడు సగం గోడ నీది సగం నాది అంటే నిలవదు. మంచి ఆలోచనే. కానీ రెండో బిడ్డకి, మూడో బిడ్డకి మిగిలేది తక్కువ. వాళ్ళు బగియో నగరానికో, మనీలాకో, విదేశాలకో వెళ్తారు. ఇప్పుడు చదువులు పెరిగాక పెద్ద బిడ్డ కూడా వెళ్ళిపోతున్నాడు, అక్కడ వచ్చింది చిక్కు.

2001లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వమే అడిగి ఈ మళ్ళని యునెస్కో "ప్రమాదంలో ఉన్న వారసత్వం" జాబితాలో పెట్టించింది. అప్పటికి పావు వంతుకి పైగా మళ్ళు సాగు లేకుండా వదిలేశారని లెక్క. పదకొండేళ్ళకి, 2012లో, ఆ జాబితా నుంచి తీశారు. కాలువలు బాగుచేశారు, ఊళ్ళ వారీగా నియమాలు పెట్టుకున్నారు. ఆ మధ్యలో 2010 ఎల్‌నినో కరువుకి మళ్ళు నెర్రెలిచ్చాయి, జాబితా నుంచి తీశాక కూడా 2022 జులైలో కుండపోత వానకి బనావె నడిబొడ్డు బురదలో కూరుకుపోయింది.

కౌలురైతు:
పురుగులేమైనా ఉన్నాయా? ఎండితే పురుగు పడుతుంది కదా.

నీటిలెక్క:
ఉన్నాయి. పెద్ద జాతి వానపాములు గోడల్లో బొరియలు చేస్తాయి, నేల ఎండిన చోట మరీ ఎక్కువ. 1980ల మొదట్లో తిండి కోసమని దక్షిణ అమెరికా నత్తని దేశంలోకి తెచ్చారు, "గోల్డెన్ కుహోల్" అంటారు. అది తప్పించుకుని పొలాల్లో పడి లేత నారు కొరికేస్తోంది, కొండ మీది మళ్ళకి కూడా చేరింది. చేత్తో ఏరాల్సిందే. అంటే మళ్ళీ మనుషులు కావాలి.

మౌనవాణి:
టూరిజం వల్ల మేలా, కీడా అన్నది కూడా వ్యాసంలో రావాలి. నేను కీడు వైపే మొగ్గుతాను. వ్యూపాయింట్ దగ్గర ముసలివాళ్ళు ఈకల టోపీ, ఎర్ర పంచె కట్టుకుని ఫొటోకి డబ్బులు తీసుకుంటారు. ఒకప్పుడు క్రతువులో కట్టుకున్న బట్ట అది. నాలుగు స్తంభాల మీద, ఎలుక ఎక్కకుండా చెక్క చక్రాలు తొడిగి, మేకు లేకుండా కట్టే గడ్డి ఇళ్ళు పోయి రేకుల ఇళ్ళు, కాంక్రీట్ మేడలు మళ్ళ అంచుల దాకా వచ్చేశాయి. చూడటానికి ఎవరొస్తారో వాళ్ళే ఆ చూసేదాన్ని పాడు చేస్తున్నట్టు ఉంది.

కౌలురైతు:
అమ్మా, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను. గడ్డి ఇల్లు ఎన్నేళ్ళకోసారి కప్పాలో, తడిసిన గడ్డి కింద చంటిపిల్లతో ఉండటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. రేకులు వేసుకోవద్దని చెప్పడానికి మనమెవరం? ఆ ముసలాయన ఫొటోకి డబ్బు తీసుకుంటే మనవడి ఫీజు కట్టడానికేమో.

మౌనవాణి:
మీరన్నదాంట్లో న్యాయముంది. రేకుల గురించి నా మాట వెనక్కి తీసుకుంటాను. కానీ మళ్ళ అంచున మేడ లేపడం వేరు. దాని బరువు కింది గోడ మీద పడుతుంది, మురుగు మడిలోకి పోతుంది. అది ఊరు ఆపాలి.

దావావ్‌మెడికో:
టూరిజం మీద మా ఇంటావిడ మాట చెప్తాను. ఆమెకి ముగ్గురు కొడుకులు, ఇద్దరు బగియోలో. చిన్నవాడు గైడ్ పని ఉంది కాబట్టే ఊళ్ళో ఉన్నాడు, ఊళ్ళో ఉన్నాడు కాబట్టి ఆ రోజు రాళ్ళు మోయడానికి దొరికాడు. "మీరు రాకపోతే వాడు కూడా వెళ్ళేవాడు" అంది. అలాగని అందరికీ ఆ డబ్బు రాదు. రూములున్న ఇళ్ళకి వస్తుంది, గైడ్లకి వస్తుంది. లోయలో అవతలి వైపు మడి ఉన్న ముసలామెకి మేము అక్కడికి వెళ్ళినట్టు కూడా తెలియదు. కానీ మేము ఫొటో తీసింది ఆమె మడినే.

నీటిలెక్క:
అమ్మాయ్, నీ ఆఖరి రెండు వాక్యాలు మున్సిపల్ కౌన్సిల్ గోడ మీద రాయించాలి. ఫొటోలో కనిపించే ప్రతి మడికీ కొంత వాటా చేరే పద్ధతి ఏదైనా ఉంటే తప్ప ఇది నిలవదు.

గట్టుమీదనడక:
వారం రోజులుగా ఇదంతా కాగితం మీద పెడుతున్నాను. వ్యాసం రూపం మారిపోయింది. వ్యూపాయింట్‌తో మొదలుపెట్టడం లేదు. కూలిన గోడతో మొదలుపెట్టి, పై మడి, అడవి, ఊట, తర్వాత బరంగాయ్, మున్సిపాలిటీ, ఆ వాటాల లెక్క. అంటే నీళ్ళు వచ్చే దారికి ఎదురు నడిచి, ఆఫీసు దగ్గర తేలుతుంది. తేదీల గొడవకి ఒక పేరా చాలు. 1966 జూన్ 18న మౌంటెన్ ప్రావిన్స్‌ని విడదీసి ఇఫుగావ్‌ని వేరే ప్రావిన్స్ చేసిన సంగతి ఒక్క వాక్యంలో పోతుంది. 1945 సెప్టెంబర్ 2న జపాన్ జనరల్ యమషిటా లొంగిపోయిన కియాంగాన్ ఈ ప్రావిన్స్‌లోని మున్సిపాలిటీయే గానీ అది వేరే కథ, వదిలేస్తున్నాను.

కౌలురైతు:
చెల్లీ, ఒక్కటే అడుగుతా. కోతలు అయిపోయే కాలం కదా. ఆ గోడ నిలబడిందా?

దావావ్‌మెడికో:
అన్నా, మీరు అడిగాక నిన్న ఇంటావిడ చిన్న కొడుక్కి మెసేజ్ పెట్టాను. నిలబడింది. మేము వచ్చేశాక ఇంకో రెండు రోజులు పట్టిందట. నారు తక్కువైతే పక్కవాళ్ళ నారుమడి నుంచి తెచ్చి మళ్ళీ నాటారు. పోయిన వారం ఆ మడి కోత అయింది.

కానీ దాని మీది మడి ఈ ఏడు నాటలేదు. యజమాని బగియోలో ఉంటాడు, మే నెలకల్లా ఎండిపోయిందట. ఆ పక్క నుంచి వెదురు గొట్టం వేసి నీళ్ళు చుట్టూ తిప్పి తెచ్చుకున్నారు. వానాకాలంలో ఆ పై గోడ ఏమవుతుందో అని వాళ్ళకి టెన్షన్‌గా ఉంది. ఆయనకి ఫోన్ చేశారు. కౌలుకి ఇస్తాననలేదు, వస్తాననలేదు.

ఫొటో కూడా పంపాడు. గోడ ఒక్కటే ఉంది అందులో. పాత రాళ్ళ మీద నాచు నల్లగా, కొత్తగా పేర్చినవి ఇంకా తెల్లగా ఉన్నాయి, కాబట్టి ఎక్కడి నుంచి ఎక్కడి దాకా కట్టారో తెలిసిపోతోంది. కింద నుంచి లెక్కపెట్టాను, పదకొండు వరసలు.